స్క్రీన్ మీద 24 వేలు, చేతికి 18 వేలు: ప్రొడక్ట్ మేనేజర్ చూడాల్సిన తేడా

ప్రశ్న ఇదీ: అనంతపురంలో ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి మూడేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నాను, ప్రొడక్ట్ మేనేజర్ కావాలని ఉంది, ఏ నైపుణ్యాలు నేర్చుకోవాలి, ఎలా ఆలోచించడం అలవాటు చేసుకోవాలి, ఏ కోర్సులో చేరాలి? కోర్సు సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది, చివర్లో చెప్తాను.

ముందు పని ఏమిటో సరిగ్గా పట్టుకోండి. ప్రొడక్ట్ మేనేజర్ ఎవరికీ బాస్ కాదు. ఇంజనీర్లు, డిజైనర్లు అతని కింద పనిచేయరు. ఏ సమస్య మీద టీమ్ నెలలు ఖర్చు పెట్టాలో తేల్చడం, ఎందుకో కాగితం మీద పెట్టడం, తయారై బయటికి వెళ్లాక అది పనిచేసిందో లేదో అంకెలతో చెప్పడం అతని పని. అధికారం లేదు, జవాబుదారీ మాత్రం పూర్తిగా ఉంది. ఇది సాఫ్ట్‌వేర్ వాళ్లు కనిపెట్టిందేమీ కాదు. 1931లో అమెరికా సబ్బుల కంపెనీ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో కామే సబ్బు ప్రచారం చూస్తున్న నీల్ మెకల్‌రాయ్, ఒక్కో బ్రాండుకు మొత్తం బాధ్యత పడే మనిషి ఒకరు ఉండాలని మూడు పేజీల మెమో రాశాడు. ఈ ఉద్యోగానికి మూలం అదేనంటారు. ఆ మెమోలోనూ సింహభాగం లెక్కలు తీయడం, సరుకు ఎక్కడ ఆగిపోతోందో వెళ్లి చూడటం గురించే.

ఇందులో అన్నిటికంటే కష్టమైన నైపుణ్యం, జనం అడిగినదానికీ వాళ్ల పని ఆగిపోయిన చోటుకీ మధ్య తేడా కనిపెట్టడం. గాల్లో చెప్తే అర్థం కాదు కాబట్టి అనంతపురం చీనీ (బత్తాయి) మార్కెట్‌నే తీసుకుందాం.

చీనీ రైతుల కోసం యాప్ చేస్తున్నారనుకోండి. పదిమందిని అడిగితే పదిమందీ ఒకటే చెప్తారు: "రోజూ ధర మెసేజ్ పెట్టండి సామీ, చాలు." తేలికైన ఫీచరే. మార్కెట్ నివేదికల్లో కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు పోయిన ధర అని మూడు ఉంటాయి. మార్కెటింగ్ వాళ్లు సహజంగానే గరిష్ఠ ధరను పెద్ద అక్షరాల్లో పెడదామంటారు. నెల తిరక్కుండానే రైతులు యాప్ తీసేస్తారు. ఎందుకంటే ఆ గరిష్ఠ ధర ఆరోజు ఏదో ఒక్క మంచి కుప్పకు పలికింది. తన కాయకు అంత రాలేదు కాబట్టి యాప్ అబద్ధం చెప్పిందని రైతు లెక్క. అతని తప్పు లేదు.

సరే, ఎక్కువ సరుకు పోయిన ధరే చూపించారు. టన్నుకు 24,000. అప్పుడూ చిక్కే. రైతు 3 టన్నులు తోలుకొచ్చాడు. సూట్ పేరుతో తూకంలో టన్నుకు 100 కిలోలు తీసేస్తే లెక్కలోకి వచ్చేది 2.7 టన్నులు, అంటే 64,800 రూపాయలు. కమీషన్ నూటికి 4 చొప్పున 2,592. బాడుగ 3,500. కోత కూలి, ఎత్తుడు దింపుడు కలిపి 4,500. ఇవన్నీ పోతే మిగిలేది 54,208. తోలిన 3 టన్నుల మీద చూస్తే టన్నుకు దాదాపు 18,070. ఇవి లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలే, సూట్ అయినా కమీషన్ అయినా మార్కెట్‌ను బట్టి, సరుకును బట్టి మారతాయి. విషయం ఏంటంటే, అదే ముందురోజు తోట దగ్గరికి వచ్చిన వ్యాపారి, కోత కూలి కూడా తనదే అంటూ టన్నుకు 19,500 ఇస్తానని ఉంటే, 24,000 అని చూపించిన యాప్ ఆ రైతుకు నష్టం చేసినట్టే.

కాబట్టి రైతుకు అడ్డుపడుతున్నది "ధర ఎంత" అనే ప్రశ్న కాదు. "తోటలోనే ఇచ్చేయాలా, మార్కెట్‌కు తోలాలా, ఈ వారం కోయాలా, ఇంకో వారం ఆగాలా" అన్నది. అతను నోటితో అడిగింది ధర. ఆగిపోయింది ఈ నిర్ణయం దగ్గర. ఈ రెండోది దొరికితే తయారుచేయాల్సిన వస్తువే మారిపోతుంది: ధరల బోర్డుకు బదులు, బరువూ బాడుగా సూట్‌ వేస్తే చేతికి వచ్చేది చూపించే చిన్న లెక్క పెట్టె.

ఇది ఎలా దొరుకుతుంది? ప్రశ్నలు అడిగే తీరులో. "ఇలాంటి ఫీచర్ ఉంటే వాడతారా" అని ఎప్పుడూ అడగొద్దు. మనవాళ్లు ఎదుటి మనిషిని నొప్పించరు, "వాడతాంలే" అనేస్తారు. ఆ మాటకు విలువ సున్నా. జరిగిపోయినదాని గురించి అడగండి. "పోయినసారి కాయ ఎప్పుడు కోశారు? ముందురోజు ఎవరికి ఫోన్ చేశారు? వాళ్లు ఏం చెప్పారు? ఎందుకు వాళ్ల మాటే నమ్మారు?" తక్‌పట్టీ (అమ్మకం తర్వాత మండీలో ఇచ్చే లెక్క చీటీ) దగ్గరుంటే చూపించమనండి. నోటితో చెప్పిన దానికీ తక్‌పట్టీలో ఉన్నదానికీ తేడా వస్తే, అసలు సంగతి ఆ తేడాలోనే ఉంటుంది. రైతు "పదివేలు ఖర్చు" అన్నాడు, కాగితంలో కోతలు ఆరువేలే ఉన్నాయి. మిగతా నాలుగువేలు ఏమిటి? దారిలో టీ టిఫిన్లా, రాత్రి మార్కెట్‌లో పడిగాపులా, రెండో లారీయా? అడిగితేనే బయటపడుతుంది.

సమయం కూడా చూసుకోండి. వేలం నడుస్తున్నప్పుడు పోతే ఎవరూ పలకరు, పలికినా చెవులు అక్కడే ఉంటాయి. వేలం అయ్యి, లెక్క చూసుకుని, టీకొట్టు దగ్గర కూర్చున్నప్పుడు అరగంట దొరుకుతుంది. ఇద్దరు వెళ్లండి, ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. వాళ్లు అన్న మాట అన్నట్టే రాయండి, మీ భాషలోకి మార్చొద్దు. "ధరల పారదర్శకత లేదు" అని రాసుకుంటే అది మీ మాట. "ఎవరు ఎంత చెప్పినా కాటా కాడ మారిపోతాది" అన్నది రైతు మాట, దాంట్లో ధర కంటే కాటా మీద అనుమానం ఎక్కువుందని వినిపిస్తుంది. రాసుకున్నది ఆరోజు రాత్రికే శుభ్రంగా ఎత్తి పెట్టుకోవాలి. రెండు రోజులు ఆగితే మీకు నచ్చినవే గుర్తుంటాయి.

ఎంతమంది? ఒక తరహా మనుషుల్లో అయిదారుగురు చాలు, ఆ తర్వాత విన్నదే మళ్లీ వినిపిస్తుంది. కానీ తరహా అన్నది జాగ్రత్తగా చూడండి. అయిదెకరాల రైతు, యాభై ఎకరాల రైతు, మండీ కమీషన్ ఏజెంట్, తోటల్లో కొనే వ్యాపారి, లారీ ఓనరు, ఇవి అయిదు వేర్వేరు తరహాలు. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, ఫోన్ బాగా వాడే చదువుకున్న కొడుకులతో మాత్రమే మాట్లాడి వచ్చేయడం. నిర్ణయం పెద్దాయనది, ఫోన్ కొడుకుది. స్క్రీన్ ఇద్దరికీ పనికిరావాలి: కొడుకు చదివి చెప్పినా, పెద్దాయన ఒక్క అంకె చూసి అర్థం చేసుకునేలా ఉండాలి.

రెండో నైపుణ్యం రాయడం. సమస్య గురించి ఒక్క పేజీ. ఎవరికి ఇబ్బంది, ఇవాళ వాళ్లు దాన్ని ఎలా నెట్టుకొస్తున్నారు, ఆ నెట్టుకురావడంలో ఎంత డబ్బో ఎంత సమయమో పోతోంది, మనం ఏం మారిస్తే ఏ అంకె కదలాలి, ఈ విడతలో ఏం చేయట్లేదు. చివరిది రాయనివాళ్లే ఎక్కువ. "ఈ విడతలో ఉల్లి లేదు, వాతావరణం లేదు, ఆన్‌లైన్ చెల్లింపులు లేవు" అని రాసి పెట్టకపోతే, మూడో వారం మీటింగులో ఎవరో ఒకరు వాటిని తప్పకుండా లోపలికి తెస్తారు.

ఆ పేజీ ఒప్పుకున్నాక ఫీచర్ వివరాలు రాస్తారు. మీ టెస్టింగ్ అనుభవం ఇక్కడే నేరుగా పనికొస్తుంది, దాన్ని తక్కువ చేసుకోవద్దు. అంతా సవ్యంగా జరిగే దారి ఎవరైనా రాస్తారు, ఎక్కడ తప్పు జరగొచ్చో రాయడమే అసలు పని. చీనీని అనంతపురం మార్కెట్‌లో టన్నుల్లో మాట్లాడతారు, కర్నూలులో ఉల్లి క్వింటాళ్లలో. ధర ఎక్కించే మనిషి క్వింటా ధరను టన్ను గడిలో వేస్తే పదో వంతు చూపిస్తుంది. నిన్నటి ధరకు నూటికి 40 కంటే ఎక్కువ తేడా వస్తే ఇంకో మనిషి చూసేదాకా బయటికి పోకూడదు అని ఒక నియమం రాయాలి. మార్కెట్ సెలవు రోజున ఏం చూపిస్తాం? ఖాళీనా, నిన్నటి ధరా? నిన్నటిదైతే తేదీ ఎంత పెద్దగా కనిపించాలి? నెట్ లేని తోటలో యాప్ తెరిస్తే? ఒకే ఫోన్ మీద అన్నదమ్ముల రెండు తోటలుంటే? ఇలాంటివి పది రాసేసరికి ఇంజనీర్లకు మీ మీద గౌరవం దానంతటదే వస్తుంది, ఎందుకంటే అర్ధరాత్రి ఫోన్లు వచ్చేది వీటికే.

ఇక అంకెలు. భయపడాల్సిందేమీ లేదు, హైస్కూలు లెక్కలే, కానీ నిజాయితీగా చేయాలి. 4,000 మంది యాప్ దించుకున్నారు. 3,700 మంది భాష ఎంచుకున్నారు, 3,500 మంది ఫోన్ నంబరు ఇచ్చారు, 2,100 మందికే ఓటీపీ పూర్తయింది, 1,950 మంది మార్కెట్ ఎంచుకున్నారు, తర్వాతి వారంలో కనీసం రెండు రోజులు తెరిచినవాళ్లు 600. టీమ్ అంతా హోమ్ స్క్రీన్ రంగుల గురించి కొట్టుకుంటూ ఉంటుంది. ఓటీపీ దగ్గర మాత్రం 1,400 మంది జారిపోయారు, నూటికి 40. కారణం వెతకండి: ఇచ్చిన నంబరు తాలూకు సిమ్ ఇంకో కీప్యాడ్ ఫోన్‌లో ఉండొచ్చు, మెసేజ్ ఆలస్యంగా వస్తుండొచ్చు, 30 సెకన్ల గడువు పెద్దాయనకు చాలకపోవచ్చు. ఓటీపీని మెరుగుపరచడం కంటే మంచి జవాబు ఇంకొకటి ఉంది: ధర చూడటానికి అసలు నంబరు ఎందుకు? మెసేజ్ కావాలన్నప్పుడే అడగండి.

చివరి మెట్టు, 1,950 నుంచి 600, ఇంకో పాఠం. ఇది చూసి చాలామంది "రోజూ వాడేవాళ్లను పెంచాలి" అని మీద పడతారు, రోజుకు మూడు నోటిఫికేషన్లు మొదలుపెడతారు. చీనీ రైతు ఏడాదికి ఒకటి రెండు సార్లు కాయ కోస్తాడు. అతను రోజూ యాప్ తెరవాలని కోరుకోవడంలోనే అర్థం లేదు. సరైన కొలత: ఈ సీజన్‌లో కాయ అమ్మినవాళ్లలో ఎంతమంది అమ్మకముందు మన లెక్క చూసుకున్నారు? ఇది కొలవడం కష్టం, రోజువారీ వాడకం కొలవడం తేలిక. తేలికైనదని తప్పు అంకె వెంట పడటం ఈ వృత్తిలో అన్ని స్థాయిల్లోనూ కనిపించే జబ్బు.

ఏ-బీ పరీక్షల గురించి ఒక మాట. వాడేవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో రూపం చూపించి, ఏది బాగా పనిచేసిందో కొలవడమే ఏ-బీ పరీక్ష. ఇంటర్వ్యూల్లో అందరూ "ఏ-బీ టెస్ట్ చేస్తాం" అంటారు. ఎంతమంది కావాలో లెక్క వేయండి: ఇప్పుడున్న రేటును ఒకటిలోంచి దాన్ని తీసేస్తే మిగిలే భాగంతో గుణించి, 16తో గుణించి, పట్టుకోవాలనుకున్న తేడా వర్గంతో భాగించాలి. నూటికి 20 మంది చేస్తున్న పనిని 22కు పెంచామో లేదో తెలియాలంటే 16 × 0.2 × 0.8, దాన్ని 0.02 వర్గంతో, అంటే 0.0004తో భాగిస్తే ఒక్కో వైపు 6,400 మంది. రెండు వైపులా 12,800. మీకు ఉన్నదే నాలుగువేల మంది. కాబట్టి అంత చిన్న తేడాను ఆ పరీక్ష పట్టుకోలేదు. అయిదుగురి పక్కన కూర్చుని వాళ్లు యాప్ వాడుతుంటే నోరు మూసుకుని చూడటమే మేలు. నోరు మూసుకోవడం అన్నది నిజంగా ఒక నైపుణ్యం, "అన్నా, ఆ పచ్చ బటన్ నొక్కు" అన్న క్షణం ఆ పరీక్ష పాడైపోయినట్టే.

ఎస్‌క్యూఎల్ నేర్చుకోండి, డేటాబేస్‌లోంచి అంకెలు తీసే భాష అది. సెలెక్ట్, వేర్, గ్రూప్ బై, జాయిన్, తేదీలతో వడకట్టడం, ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టకుండా కౌంట్ డిస్టింక్ట్. రోజుకు గంట చొప్పున ఆరు వారాలు పెడితే ఆఫీసులో ఎవరి కోసమూ ఎదురుచూడకుండా మీ అంకెలు మీరే తీసుకోగలరు. కోడింగ్ రాయాల్సిన అవసరం లేదు. ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే దారి) అంటే ఏమిటి, డేటా ఎక్కడ ఉంటుంది, ఏది మార్చడం తేలిక, ఏది కష్టం అన్నది తెలిస్తే చాలు. ఇంజనీరును "ఎన్ని రోజులు పడుతుంది" అని మాత్రమే అడగొద్దు. "సగం రోజుల్లో కావాలంటే ఏది వదిలేయొచ్చు" అని అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబులోనే డిజైన్ ఉంటుంది.

కాదనడం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మెత్తని మనుషులు ఇక్కడే దెబ్బతింటారు. సేల్స్ నుంచి ఫోన్ వస్తుంది, "పెద్ద మండీ వాళ్లు అడుగుతున్నారు, ఈ ఒక్క స్క్రీన్ చేసిస్తే సంతకం పెడతారు." సరే అంటే మూడు నెలల్లో మీది ఆ మండీ యాప్ అయిపోతుంది. మొహం మీదే కాదంటే రేపటి నుంచి మీకు ఏ కబురూ రాదు. మూడు ముక్కలు చెప్పండి: వాళ్ల ఇబ్బంది మాకు ఇలా అర్థమైంది; ఇప్పుడు దీని ముందు ఫలానా పని ఉంది, దాని వల్ల ఇంతమందికి ఈ మేలు; ఫలానాది మారితే మీ పనిని ముందుకు జరుపుతాం. మూడోది నిజంగా పాటించాలి, లేకపోతే మొదటి రెండూ నాటకమే.

వరస తేల్చడానికి రైస్ అనే పద్ధతి వాడతారు, ఇంటర్‌కామ్ అనే కంపెనీ ప్రచారంలోకి తెచ్చింది. ఎంతమందికి చేరుతుంది, ఒక్కొక్కరి మీద ఎంత ప్రభావం, మన అంచనా మీద మనకెంత నమ్మకం, ఈ మూడింటినీ గుణించి, పట్టే శ్రమతో భాగించాలి. ధరను గొంతుతో చెప్పే ఫీచర్: నెలకు 2,000 మంది, ప్రభావం 1, నమ్మకం నూటికి 80, ఇద్దరి నెల పని; వచ్చేది 800. కమీషన్ ఏజెంట్లకు ధర ఎక్కించే స్క్రీన్: 60 మంది, ప్రభావం 3, నమ్మకం 50, ముగ్గురి నెల పని, వచ్చేది 30. సూత్రం ప్రకారం రెండోదాన్ని చెత్తబుట్టలో వేయాలి. కానీ ఆ 60 మంది ధర ఎక్కించకపోతే 2,000 మందికి గొంతుతో చెప్పడానికి ఏమీ ఉండదు. సూత్రానికి ఈ ముడి కనిపించదు. అంకెలు వేయడం వాదన ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి. వాటిని తీర్పుగా చదివి వినిపించే మేనేజర్‌ను టీమ్ పది రోజుల్లో కనిపెట్టేస్తుంది.

విడుదల రోజు గురించి ఒక జాగ్రత్త. ప్లే స్టోర్‌లో కొత్త వెర్షన్‌ను ముందు నూటికి 5 మందికి, రెండు రోజులు చూసి 25 మందికి, ఆ తర్వాత అందరికీ వదలొచ్చు. మధ్యలో ఆపితే కొత్తవాళ్లకు వెళ్లడం ఆగుతుంది, అప్పటికే అందినవాళ్ల ఫోన్‌లో ఆ వెర్షన్ అలాగే ఉంటుంది, వెనక్కి రాదు. అందుకే అనుమానం ఉన్న ప్రతి ఫీచర్‌కు కొత్త వెర్షన్ వదలకుండానే దాన్ని ఆపేసే స్విచ్ ఒకటి సర్వర్ వైపు పెట్టించండి. ఆ స్విచ్‌ను విడుదలకు ముందే ఒకసారి ఆపి, మళ్లీ వేసి చూడండి. టెస్టింగ్ చేసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ దారి. ఈ ఉద్యోగాలు ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల్లో ఉంటాయి. బయట నుంచి నేరుగా దొరకడం కష్టం, ఉన్న కంపెనీలోనే పక్కకు జరగడం తేలిక. మీరు రాసే బగ్ రిపోర్టుల్లో ఇవాళ్టి నుంచి ఒక వరుస కలపండి: దీని వల్ల ఏ వాడకందారుకు ఏ పని ఆగుతుంది, అలాంటివాళ్లు ఎంతమంది. నెల రోజులు సపోర్ట్ టికెట్లు చదివి, ఎక్కువసార్లు వచ్చిన మూడు ఫిర్యాదుల మీద ఒక్కో పేజీ రాసి మీ ప్రొడక్ట్ మేనేజర్‌కు ఇవ్వండి. అడగకుండా ఇవ్వండి. రెండోసారికి వాళ్లే పిలుస్తారు.

చూపించుకోవడానికి సొంత పని ఒకటి ఉండాలి. ఫుడ్ డెలివరీ యాప్‌ను ఎలా మెరుగుపరుస్తారు అన్న కసరత్తు వేలమంది చేస్తారు, చదివేవాళ్లకు విసుగు. మన చుట్టూ ఎవరూ తాకనివి ఎన్ని లేవు: ఆదోని పత్తి యార్డులో తేమ శాతం దగ్గర వచ్చే కోత, ధర్మవరం మగ్గం మీద పట్టుకూ మజూరీకీ రాసే లెక్క, కడపలో పసుపు ఎప్పుడు అమ్మాలన్న తర్జనభర్జన. ఒకటి పట్టుకుని ఎనిమిది వారాలు పెట్టండి. మూడు వారాలు మాట్లాడటం, ఒక వారం ఒక్క పేజీ రాయడం, రెండు వారాలు కాగితం మీదో ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లోనో స్క్రీన్లు గీసి అయిదుగురికి చూపించడం, మిగతా రెండు వారాలు తప్పులు దిద్ది ఏం మారిందో రాయడం. ఇంటర్వ్యూలో మీ స్క్రీన్ల కంటే, "మొదట ఇలా అనుకున్నాం, ఫలానా రైతు మాటతో ఇది తప్పని తేలింది" అన్న పేరా ఎక్కువ పనిచేస్తుంది. ఇంగ్లిష్‌లో తేటగా రాయడం నేర్చుకోవాలి, తప్పదు, ఆఫీసు కాగితాలన్నీ దాంట్లోనే. కానీ రైతుతో, నేతగాడితో అనువాదకుడు లేకుండా మాట్లాడగలగడం మీ దగ్గర ఉన్న ఆస్తి, బెంగళూరులో అందరి దగ్గరా అది లేదు.

కోర్సు సంగతి: ఎస్‌క్యూఎల్‌కు ఏదైనా మంచి కోర్సు చేయండి. ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ కోసం లక్షలు పెట్టొద్దు.

మార్కెట్ యార్డుకు మొదటిసారి వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్ తీసుకెళ్లకండి, ఏదో ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చారనుకుని మాట మారుస్తారు. చిన్న నోటుబుక్కు, పెన్ను చాలు. తక్‌పట్టీ ఫొటో కావాలంటే ముందు అడగండి, రైతు పేరూ ఫోన్ నంబరూ కనబడకుండా అడ్డంగా కాగితం ముక్క పెట్టి తీయండి. ఏజెంటు దగ్గరికి మాత్రం రైతుతో మాట్లాడిన మర్నాడు వెళ్లండి, అదే రోజు కాదు. ఇద్దరి దగ్గరా ఒకే మనిషి నోటుబుక్కు పట్టుకుని తిరగడం చూస్తే ఇద్దరూ నోరు విప్పరు.